కడిగిన గది

ఆ పేటలో ఆమెను అందరూ కడిగే అక్క అనేవారు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ మంచాలూ గిన్నెలూ తీసుకుపోతారు గాని, పొయ్యి వెనక జిడ్డూ, బాత్రూం మూలల పాచీ, గోడల మీద పిల్లల చేతి మరకలూ తీసుకుపోరు. అవి ఈమె వాటాకు వచ్చేవి. ఇళ్ళ ఏజెంటు ఫోను చేసి అడ్రసు చెబితే బకెట్టూ, బ్లేడ్లూ, సోడా డబ్బా పట్టుకుని బయల్దేరేది. సాయంత్రానికి ఆ ఇల్లు కొత్తగా కట్టినట్టుండేది. మర్నాడు ఇంకెవరో సామాను దింపుకునేవారు. ఏళ్ళ తరబడి చేసిన పని. ఆ పేటలో ఆమె చెయ్యి పడని ఇల్లు వెతికితే గాని దొరకదు. పడుకోవడానికి మాత్రం ఊరి చివరికి పోయేది. అక్కడ మరిది ఇంట్లో బాల్కనీకి రేకులు కొట్టించి చేసిన అరలో ఆమే, ఆమె భర్తా ఉండేవారు.

భర్త ఒకప్పుడు లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. బీపీని లెక్కచేయక, తలనొప్పి వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాత్ర మింగి పనిలోకి పోతుంటే, ఒకనాటికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ సెంటరు ఆమె పనిచేసే పేటలోనే, కూరగాయల బజారు వెనక వీధిలో ఉంది. మరిది ఇంటి నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. పోయేటప్పుడు ఏదో ఒకలా పోయేవారు. వచ్చేటప్పుడే నరకం. నెత్తురంతా మిషన్లో తిరిగి వచ్చాక మనిషి పిండి ఆరేసిన బట్టలా వేలాడిపోతాడు. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా వాంతి. ఆమె సంచిలో డబ్బులు ఉన్నా లేకపోయినా ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఉండేవి.

"నా జీవితంలో ఎంతమందిని పైకీ కిందికీ తిప్పానే! ఒక్కడు కక్కలేదు," అనేవాడు ఆయన, కవరు మూతి ముడేస్తూ. "ఈ బస్సు వాడికి నా దగ్గర పని నేర్పించాల్సింది."

పక్క సీటువాళ్ళు లేచి దూరంగా నిలబడేవారు. ఆమె వాళ్ళ మొహాలు చూడటం మానేసింది.

ఎండలు ముదిరాక ఆయన మొరాయించడం మొదలుపెట్టాడు. ఒకరోజు బస్టాపు దాకా వచ్చి బెంచీ మీద కూలబడిపోయాడు. "ఇవాళ వద్దులేవే," అన్నాడు. ఆమె బతిమాలింది, తిట్టింది, చెయ్యి పట్టి లాగింది. లేవలేదు. తర్వాతి వారం మళ్ళీ అదే. ఒంట్లో నీరు చేరి కాళ్ళు స్తంభాల్లా అయ్యాయి. ఆయాసం పట్టుకుంది.

సెంటర్లో పెద్ద నర్సు ఆమెను పక్కకు పిలిచింది.

"అమ్మా, ఇలా ఇష్టమొచ్చినట్టు మానేస్తే ఎట్లా? బయట బల్లల మీద ఎంతమంది కూచున్నారో చూశారుగా. వాళ్ళంతా ఈ బెడ్డు కోసమే. ఇంకొక్కసారి మానేస్తే మీ టర్ను వేరేవాళ్ళకి పోతుంది. నేను ఆపలేను."

"మానేయాలని కాదు సిస్టర్. బస్సులో ఆయన తట్టుకోలేకపోతున్నారు."

"అయితే నడిచొచ్చే దూరంలో ఒక గది చూసుకోండి. ఆయన్ను తోసుకుపోవడానికి ఇక్కడి పాత చక్రాల కుర్చీ ఒకటి ఇప్పిస్తా. మీరు పనిచేసేది ఇక్కడేగా? రోజూ ఇళ్ళే చూస్తుంటారాయె."

అవును, రోజూ చూసేది. మిఠాయి దుకాణంలో పనివాడు మిఠాయి చూసినట్టు చూసేది.

ఇంట్లో తోటికోడలు చెడ్డది కాదు. అలిసిపోయిన మనిషి. పెద్ద కొడుక్కి పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువుకోవడానికి ఆ అర కావాలి. ఆ మాట నోటితో అనలేక, "అక్కా, మీరేమీ అనుకోకండి గాని, ఆ రేకుల కింద బావగారికి ఎండ తగలడం లేదూ?" అని అడిగేది. ఎండ గురించి ఆమె అంతగా అడగడం మొదలుపెట్టిందంటే అర్థం చేసుకోవాలి మరి.

కడిగే అక్క గది వేటలో పడింది. పని అయిపోయాక అదే పేటలో వీధి వీధీ తిరిగేది. ఆమె అడిగేది ఎక్కువేమీ కాదు. ఒకటే గది, అందులోనే పొయ్యి, పక్కన సొంత బాత్రూం, చక్రాల కుర్చీ దొర్లడానికి కింది అంతస్తు. అద్దె ఆమె సంపాదనలో సగానికి మించకూడదు. ఈ నాలుగూ ఒక చోట కలవడం గగనమైపోయింది. ఒక చోట గది బాగుంది, అది మూడో అంతస్తు. ఒక చోట కిందే ఉంది గాని తలుపు తెరిస్తే మంచానికి తగిలి ఆగిపోతుంది. "లోపలికి ఎలా వెళ్ళాలండీ?" అని ఆమె అడిగితే, "పక్కకు తిరిగి వెళ్ళాలి. అలవాటైపోతుంది," అన్నాడు ఓనరు. ఇంకో చోట అన్నీ కుదిరాయి. ఆ ఇంటి పెద్దమనిషి కాఫీ కూడా ఇచ్చాడు. చక్రాల కుర్చీ మాట వినగానే గ్లాసు తిరిగి తీసుకున్నాడు.

"ఆయనకేం జబ్బు?"

"డయాలసిస్సండీ. అంటుకునేది కాదు."

"అంటుకోవడం గురించి కాదమ్మా. మా ఇంట్లో ఏమన్నా అయితే, తర్వాత ఎవరూ దిగరు."

అప్పటి నుంచి ఆమె చక్రాల కుర్చీ మాట ఎత్తలేదు. మా ఆయనకు కాళ్ళ నొప్పులు అని మాత్రం చెప్పేది.

చివరికి దారి చూపించింది ఇళ్ళ ఏజెంటే. నోటినిండా కిళ్ళీ, మాటలూ తప్ప చెడ్డవాడు కాదు. "అక్కా, ఒకటుంది. చూస్తే నన్ను కొడతావు," అన్నాడు.

కూరగాయల బజారు చివర, నాలుగు వాటాల ఇల్లు. వీధి వైపు గది. అందులో ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్న ఒక గడియారాల రిపేరు ముసలాయన ఆ మధ్య పోయాడట. ఆయన సిగరెట్టు ఆరకుండా తాగేవాడు, కిరోసిన్ స్టవ్వు మీద వండుకునేవాడు, చెత్త బయట పారేసేవాడు కాదు. మునిసిపాలిటీ వాళ్ళు సామాను ఎత్తుకుపోయారు గాని గది అలాగే ఉంది. గోడలు పాత ఇత్తడి రంగుకు తిరిగాయి. పైకప్పు నుంచి మసి దారాలుగా వేలాడుతోంది. కిటికీ అద్దంలోంచి పగలు కూడా ఏమీ కనబడటం లేదు. నేల మీద నడిస్తే చెప్పు అంటుకుని చప్పుడుతో ఊడివస్తోంది. ఏజెంటు గుమ్మంలోనే ఆగి ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

ఆమె లోపలికి పోయింది. గోడ మీద గోటితో గీసింది. గోటి కింద తెల్లటి సున్నం. కింద మూలల్లో చెయ్యి ఆనించి చూసింది. పొడిగా ఉంది. బాత్రూంలో ఒక చెంబు నీళ్ళు పోసింది. గుటుక్కున పోయాయి. అంటే ఇది పైపైన పట్టిన మురికి. గదిలో రోగం లేదు. కిటికీ నైరుతికి ఉంది, గాలి బాగా వస్తుంది. గుమ్మానికి మెట్టు లేదు. సెంటరు రెండు మలుపుల అవతల.

ఇంటావిడ విధవరాలు. నాలుగు వాటాల అద్దె మీదే బతుకు. పైవాటాలో ఉంటుంది. ముసలాయన పోయిన వాసనకు వాంతయి ఆ గది గుమ్మం తొక్కడమే మానేసిందట. పైనుంచే మాట్లాడింది.

"నేను ఒక్క పైసా ఖర్చు పెట్టనమ్మా. సున్నం వేయించను, కడిగించను. ఎలా ఉందో అలాగే. అందుకే సగం అద్దె చెబుతున్నా. ఇష్టమైతే ఒకటో తారీకున దిగు. అద్దె కాగితం అప్పుడు రాసుకుందాం."

"ఇష్టమేనమ్మగారూ."

"ఇంకోసారి చూసుకో. తర్వాత నన్ననొద్దు," అని తాళంచెవి పైనుంచి విసిరింది.

ఆ సాయంత్రం భర్తకు చెబుతుంటే ఆమె గొంతు మారిపోయింది. కిటికీ ఎటుందో, మంచం ఎటు వేయాలో, పొయ్యి ఎక్కడో నేల మీద వేలితో గీసి చూపించింది. ఆయన అంతా విన్నాడు.

"కాగితం అయిందా?"

"ఒకటో తారీకున."

"అయితే అందాకా చీపురు ముట్టుకోకు."

"ఎందుకూ?"

"లిఫ్టు బాగుచేసి డబ్బులు చేతిలో పడేదాకా మీట నొక్కి చూపించేవాణ్ణి కాదు నేను. కదిలిందంటే ఇంక నీతో పనేముంటుంది?"

"నీకు అందరూ దొంగల్లాగే కనబడతారు," అంది ఆమె.

మర్నాడు పని తొందరగా అయిపోయింది. తాళంచెవి కొంగున ఉంది. కిటికీ ఒక్కటి తెరిచి గాలి ఆడనిచ్చి వద్దామని వెళ్ళింది. కిటికీ తెరుచుకోవాలంటే చట్రం చుట్టూ పేరుకున్న జిడ్డు గీకాలి. బ్లేడు సంచిలోనే ఉంది. చట్రం గీకాక అద్దం మురికి కొట్టొచ్చినట్టు కనబడింది. అద్దం తుడిచాక వెలుగు గోడ మీద పడి, గోడ సిగ్గుపడ్డట్టు కనిపించింది. అంతే, ఇక ఆగలేదు. సోడా వేడినీళ్ళలో కలిపి కప్పు దగ్గర నుంచి దిగుతూ వచ్చింది. గోధుమరంగు నీళ్ళు మోచేతుల మీదుగా కారి జాకెట్టు తడిపేశాయి. బకెట్టు వెనక బకెట్టు నల్లగా పారబోసింది. ఆమె కడిగిన ఇళ్ళకు లెక్కలేదు గాని, ఏ ఇంట్లోనూ మంచం ఇక్కడ వేస్తా, దీపం ఇక్కడ పెడతా అనుకుంటూ కడగలేదు. పనిలో పాట పాడుకునే అలవాటు లేని మనిషి, ఆ సాయంత్రాలు సన్నగా ఏదో కూనిరాగం తీసింది.

రోజూ పని ముగించుకుని వచ్చి కడిగేది. నేల మీద పొర లేస్తే కింద పచ్చటి పూల టైల్సు బయటపడ్డాయి. అక్కడొకటీ ఇక్కడొకటీ పగిలినా, ఇప్పుడు ఎక్కడా దొరకని పాత టైల్సు. ముసలాయనకే వాటి సంగతి తెలుసో లేదో. బాత్రూం పింగాణీ తెల్లబడింది. కుళాయి ఇత్తడి మెరిసింది. చివరి రోజున తలుపుకు నూనె రాసి, పొడిబట్టతో గుమ్మం తుడిచి, వెనక్కి రెండడుగులు వేసి చూసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని తప్పని ఆమెకు అప్పుడు తోచలేదు. తోచడానికి ఆలోచిస్తేగా? కడుగుడు పనిలో చివరి ముక్క ఒకటుంటుంది. పని అయ్యాక ఓనర్ని పిలిచి చూపించాలి. కుళాయిలు తిప్పి చూపించి, లైట్లు వేసి చూపించి, "సరిగ్గా ఉందాండీ?" అని అడిగి, వాళ్ళు సరే అన్నాక బకెట్టు ఎత్తాలి. ఆ మాట అనిపించుకోకుండా ఆమె ఏనాడూ ఏ ఇంటి నుంచీ కదల్లేదు. చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

"అమ్మగారూ, ఒక్కసారి వచ్చి చూస్తారా?"

ఇంటావిడ ముక్కు మీద కొంగు పెట్టుకుని దిగింది. గుమ్మంలో కొంగు తీసేసింది. చెప్పులు విప్పింది. మెల్లగా లోపలికి వచ్చి టైల్సు మీద పాదం పెట్టి, చల్లదనానికి కాబోలు, అలా నిలబడిపోయింది. కిటికీలోంచి వీధి చూసింది.

"ఇది మా గదేనా?" అంది.

"మీదేనమ్మగారూ. సరిగ్గా ఉందాండీ?"

"నా పెళ్ళయిన కొత్తలో మేమున్నది ఈ గదిలోనే. ఈ పూలు మర్చేపోయాను." గోడ మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంది. "చాలా బాగా చేశావమ్మా," అంది.

కడిగే అక్కకు కళ్ళు చెమర్చాయి. మెచ్చుకున్నందుకే అనుకుంది.

ఒకటో తారీకు ముందు ఏజెంటు ఫోను చేశాడు. రోజూ గొంతు చించుకుని మాట్లాడేవాడు, ఆ రోజు గొణిగాడు.

"అక్కా, పనిలో ఉన్నావా?"

"ఉన్నా. చెప్పు."

"ఆ గది సంగతి... ఆవిడ మనసు మారింది. ఎవరో బ్యాంకు అమ్మాయి రెండో తాళంచెవితో తెరిపించి చూసుకుపోయిందట. నువ్వనుకున్నదానికి రెట్టింపు ఇస్తానంది."

ఆమె నిచ్చెన మీద ఉంది. దిగి, కింది మెట్టు మీద కూచుంది.

"మాట ఇచ్చిందిగా ఆవిడ."

"ఇచ్చింది. ఇచ్చిందక్కా. కాగితం ఉంటే నేనే కొట్లాడేవాణ్ణి."

"నీ కమిషనెంత?"

అవతల కిళ్ళీ ఉమ్మిన చప్పుడు. "నా నోరు నొక్కకక్కా. నాకూ పిల్లలున్నారు. నీ కడుగుడు కూలి మాత్రం మామూలు రేటుకే ఇప్పిస్తా. ఆవిడ ఒప్పుకుంది."

పని మధ్యలో వదిలేసి ఆమె ఇంటావిడ దగ్గరికి పోయింది. అలా వదిలేయడం అదే మొదలు. ఇంటావిడ తలుపు తీసి, తప్పించుకోకుండా కూచోమంది. మంచినీళ్ళు ఇచ్చింది.

"మీరు మాటిచ్చారమ్మగారూ."

"ఇచ్చాను. ఏ గదికి ఇచ్చాను? కాలు పెట్టలేని గదికి ఇచ్చాను. ఇది వేరే గదమ్మా."

"దాన్ని ఇలా చేసింది నేనేగా."

"నువ్వే. నేను కాదనను. అందుకే కూలి ఇస్తానన్నా. ఇంకా కొంచెం ఎక్కువే ఇస్తా." ఆవిడ తన మోకాళ్ళ వైపు చూసుకుంది. "నాకు ఆపరేషన్ చేయించేవాళ్ళెవరూ లేరమ్మా. నాలుగు గోడలే నా కొడుకులు. ఒక కొడుకు బాగా సంపాదిస్తానంటే వద్దంటానా?"

"మా ఆయనకు డయాలసిస్. ఇక్కడికి నడిచి రావడానికే..." అని ఆగిపోయింది. కాళ్ళ నొప్పులని చెప్పిన నోటితోనే ఇది చెబుతున్నానని గుర్తొచ్చింది.

"అయ్యో," అంది ఇంటావిడ. నిజంగానే అంది. కాని గది మాట మళ్ళీ ఎత్తలేదు.

భర్త విని, నేను చెప్పలేదా అనలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. "పోయి మళ్ళీ మసి పూసి రారాదూ? తాళంచెవి ఇంకా నీ దగ్గరే ఉందిగా," అన్నాడు.

ఆయన నవ్వించడానికి అన్నాడు. ఆమె మాత్రం తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, బయటి దుమ్ము ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని ఆ గదిలో నిలబడి చూసింది. ఎక్కడ చల్లాలో తెలియలేదు. చివరికి దుమ్ము వీధిలోనే పారబోసి, చేతి వేళ్ళు తలుపుకు అంటిన చోట కొంగుతో తుడిచి వచ్చింది. తన వేలితో తన కన్ను పొడుచుకోవడం ఒక ఎత్తు, ఆ కంటిని మళ్ళీ తుడుచుకోవడం ఒక ఎత్తు.

కూలి తీసుకుంది. తీసుకోకుండా ఉండగలిగే స్థితిలో ఉంటే ఈ కథే లేదు.

ఆ వారం ఆయన మళ్ళీ బస్టాపులో కూలబడ్డాడు. ఆమె బతిమాలలేదు. అటుగా పోతున్న సరుకుల ట్రాలీ వాణ్ణి ఆపి, బస్తాల మధ్య ఆయన్ను కూచోబెట్టి తీసుకుపోయింది. టర్ను దక్కింది. ఇలా ఎన్నాళ్ళు దక్కుతుందో ఆమెకు తెలుసు. సెంటరు బయట బల్ల మీద కూచుని ఏజెంటుకు తనే ఫోను చేసింది.

"వంతెన కింది గది ఇంకా ఖాళీగానే ఉందా?"

"అక్కా, అది వద్దు. నువ్వే చెప్పావుగా దాని సంగతి."

ఆమే చెప్పింది. ఆ గదిని ఆమె రెండుసార్లు కడిగింది, రెండుసార్లూ డబ్బు దండగని ఓనరుకు చెప్పింది. పక్క మురుగుకాలవ నీరు గోడలోకి దిగుతుంది. నల్లటి బూజు ఎంత గీకినా, బ్లీచింగు పోసినా, సున్నం వేసినా, నెల తిరిగేసరికి అదే మచ్చ, అదే చోట. దిగినవాళ్ళంతా దగ్గుతూ ఖాళీ చేశారు. ఎవరూ దిగక తాళం వేసి ఉంది. కింది అంతస్తు. సెంటరుకు దగ్గర. అద్దె నామమాత్రం.

"ఇవాళే కాగితం రాయించు," అంది.

"మీ ఆయన పరిస్థితికి ఆ చెమ్మ..."

"నాకు తెలియదా?"

"తెలిసే అంటున్నా."

"ఆ గదిని నేనెంత కడిగినా ఎవరూ ఎగరేసుకుపోరు. రాయించు."

మరిది సామాను మోశాడు. తోటికోడలు దుప్పటి కొత్తది ఒకటి పెట్టి, "అక్కా, ఏమీ అనుకోకండి," అని ఏడ్చింది. ఈసారి ఎండ గురించి అడగలేదు. ఏజెంటు కమిషన్ తీసుకోలేదు. తలుపుకు గడియ కూడా తనే బిగించి పోయాడు.

మంచం గోడకు ఆనకుండా ఆమె గది మధ్యలో వేసింది. అలా వేస్తే చక్రాల కుర్చీ తిరగడానికి చోటు లేదు. గోడకు జరిపి, మధ్యలో అట్టముక్కలు దోపింది. వారం తిరక్కుండా అట్టలు మెత్తబడ్డాయి. తీసి కొత్తవి దోపింది. ఆయన మంచం మీద పడుకుని మచ్చను చూసేవాడు.

"కడగవేమే?"

"పోయేది కాదు."

"నువ్వు పోదన్న మరకను చూడటం ఇదే మొదలు," అన్నాడు. కొంచెం గర్వంగా కూడా అన్నాడు, ఆమె పనితనం తలుచుకుని.

బస్సు బాధ మాత్రం తప్పింది. టర్ను అయ్యాక కుర్చీలో కూచోబెట్టి, మెల్లగా బజారు పక్కగా తోసుకుంటూ వచ్చేది. వాంతులు ఆగాయి. కాళ్ళ వాపు తగ్గింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాడు. ఆ కొద్ది వారాలూ ఆయన మొహంలో మనిషి కళ వచ్చింది. ఒకరోజు దారిలో ఒక జామకాయ కావాలన్నాడు. ఆయన జబ్బుకు అది తినకూడదు. కొనిచ్చి, వాసన చూడనిచ్చి, తను తింది.

వానలు మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. మొదట పొడిదగ్గు. తర్వాత పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, మంచం మీద ముందుకు వంగి కూచునేవాడు. పెద్ద నర్సు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, మొహం చిట్లించింది.

"ఊపిరితిత్తుల్లో గరగరమంటోంది. ఇంట్లో చెమ్మగానీ ఉందా?"

ఉందంటే ఏమంటుందో ఆమెకు తెలుసు. ఆ ఇల్లు మార్చమంటుంది. ఎక్కడికి మార్చాలో మాత్రం చెప్పదు.

"లేదు సిస్టర్. శుభ్రంగా ఉంటుంది."

"మీ చేతిలో ఇల్లు శుభ్రంగా లేకపోతే ఇంకెక్కడుంటుంది లెండి. ఛాతీ డాక్టరుకు చూపించండి, రాసిస్తా. వేరే ఆసుపత్రి, వంతెన దాటాక అవతలి గట్టున. బస్సెక్కాలి."

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. బస్సు మాట విని చెయ్యి ఆగింది. తల అడ్డంగా ఊపాడు.

నర్సు రాసిచ్చిన కాగితం మడిచి ఆమె సంచిలో పెట్టుకుంది. కుర్చీ బ్రేకు తీసింది. బయట వాన పడుతోంది. బజారు చూరుల కింద నుంచి తోసుకుంటూ, చూరు లేని చోట తన కొంగు ఆయన తల మీద వేసి, ఇంటి దాకా తడవకుండా తీసుకుపోయింది.